రోజూ పెట్టుకునే ఉంగరానికి ఏ ఆకారం వజ్రం: ఓవలా, మార్కీజా, ఎమరాల్డ్ కట్టా?

ప్రశ్న: సూదిదారం

నమస్కారం అండీ. ఒకే ఒక్క రాయి ఉన్న ఉంగరం చేయించుకోవాలనుకుంటున్నాను. పెట్టెలో దాచుకుని ఎప్పుడో ఒకసారి తీసేది కాదు. పొద్దున పెట్టుకుంటే మళ్లీ రాత్రి పడుకునే ముందే తీస్తాను. బరువు సంగతి తేల్చేసుకున్నాను, ఒక క్యారెట్ చాలు. ఆకారం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను.

నేను బట్టలు కుడతాను. ఉంగరం ఎడమ చేతికి. ఆ చెయ్యే రోజంతా గుడ్డను పట్టుకుని మిషను సూది కిందికి నెడుతూ ఉంటుంది. నెట్, షిఫాన్, శాటిన్ లాంటి పల్చటి గుడ్డలే ఎక్కువ. వాటిలో ఒక్క పోగు లేచినా ఆ ముక్క ఇక పనికిరాదు, ఇంకొకరి గుడ్డ కాబట్టి నాకు అది చాలా పెద్ద విషయం. మిషను మీద ఒక దీపం ఉంటుంది, నేరుగా చేతి మీదే పడుతుంది. అంటే ఈ రాయిని అందరికంటే ఎక్కువ చూసేది నేనే.

మూడు రాళ్లు పక్కన పెట్టించాను. ఓవల్ 1.01 క్యారెట్, 7.9 × 5.6 మి.మీ., లోతు (వెడల్పులో) 62.5 శాతం, జి రంగు, వీఎస్2. మార్కీజ్ సరిగ్గా 1.00, 10.1 × 5.1 మి.మీ., ఎఫ్ రంగు, ఎస్ఐ1. ఎమరాల్డ్ కట్, అంటే మూలలు కోసిన దీర్ఘచతురస్రం, 1.01, 6.7 × 4.9 మి.మీ., లోతు 70 శాతం, హెచ్ రంగు, వీఎస్1. (రంగు అక్షరం ముందుకు పోయేకొద్దీ పసుపు ఛాయ పెరుగుతుంది. వీఎస్, ఎస్ఐ అన్నవి లోపలి శుభ్రతకు గ్రేడ్లు, వీఎస్ కంటే ఎస్ఐలో మచ్చలు ఎక్కువ.)

మనసులో మాట చెప్పాలంటే నాకు మార్కీజ్ అంటే ప్రాణం. రెండు చివరలా సన్నగా మొన తేలి, వేలి మీద పొడుగ్గా పడుకుని ఉంటే ఎంత బాగుందో. మా అక్క మాత్రం "రౌండ్ తీసేసుకో, ఆలోచించే పనే ఉండదు" అంటోంది. రౌండ్ అందం నాకు తెలుసు, కాదనను. కానీ నాకు పొడుగు ఆకారమే కావాలి, అందులో మార్పు లేదు.

నా సందేహాలు ఇవీ. మొనలు నిజంగా విరుగుతాయా? వజ్రం కదా, అంత గట్టిది! పొడుగు రాళ్లు అదే బరువులో పెద్దగా కనిపిస్తాయి అంటారు, అది నిజమేనా, కంటి భ్రమా? ఒకటే దీపం కింద ఏది బాగా వెలుగుతుంది? ఇంకోటి, అక్క దగ్గరున్న రౌండ్ రాయికి పరీక్షించిన ల్యాబు ఇచ్చిన రిపోర్టులో "కట్" అని ఒక గ్రేడు రాసి ఉంది. నా మూడింటి రిపోర్టుల్లో ఆ గడే లేదు. ఏదైనా లోపం ఉండి దాచారా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: పొదుగుపని

రాళ్లు పొదగడం, దెబ్బతిన్న ఉంగరాలు బాగుచేయడం నా పనండీ. కాబట్టి ముందు మీ చేతి సంగతి మాట్లాడతాను, రాయి అందం తర్వాత.

వజ్రం గట్టిదే. గీత పడదు, గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద 10. కానీ గీత పడకపోవడం వేరు, దెబ్బకు ఆగడం వేరు. కట్టెలో నార ఉన్నట్టే వజ్రం లోపలా చీలే దిశలు ఉన్నాయి, మొత్తం నాలుగు. ఆ దిశలో సూటిగా దెబ్బ తగిలితే ఎంత గట్టి రాయైనా పెచ్చు లేస్తుంది. పలచగా ఉన్న చోటే ముందు లేస్తుంది. మార్కీజ్‌కి అలాంటి మొనలు రెండు, నీటిబొట్టు ఆకారపు పేర్‌కి ఒకటి, చతురస్రపు ప్రిన్సెస్‌కి నాలుగు మూలలు. బాగుచేయడానికి నా బల్ల మీదికి వచ్చే రాళ్లలో ఎక్కువ ఇవే, అదీ ఉంగరాల్లోవే. అదే రాయి చెవులకో మెడకో వేసుకుంటే ఏళ్లు గడిచినా ఏమీ కాదు. చెవి దేనికీ కొట్టుకోదు. చెయ్యి తలుపుకు, బల్లకు, గిన్నెకు, అన్నింటికీ కొట్టుకుంటుంది.

మార్కీజ్‌ని రోజూ పెట్టుకోకూడదని నేను అనను. పెట్టుకునేవాళ్లు ఉన్నారు. కాకపోతే ఆ మొనలకు "వి" ఆకారంలో లోహపు తొడుగు ఉండాలి. పొదిగేటప్పుడు మొన కింద వెంట్రుకవాసి ఖాళీ వదలాలి. లోహం ఒత్తిడి మొన మీద పడకూడదు, పక్క గోడల మీద పడాలి. ఈ ఖాళీ వదలకుండా బిగిస్తే రాయి అక్కడే, పొదిగే బల్ల మీదే విరగొచ్చు. ఎవరి చేత చేయించినా ఈ ఒక్క ప్రశ్న అడగండి: "మొన కింద ఎలా పొదుగుతారు?" వెంటనే వివరించగలిగితే వాళ్లకు పని వచ్చినట్టే.

మీ మార్కీజ్‌లో నాకు అనుమానంగా ఉన్నది ఎస్ఐ1. గ్రేడు కాదు, లోపం ఎక్కడుందన్నది. రిపోర్టులో రాయి బొమ్మ గీసి ఉంటుంది, దాని మీద గుర్తులు ఉంటాయి. గుర్తు మొన దగ్గర ఉండి, అది ఫెదర్ అయితే, అంటే లోపలి చిన్న పగులు అయితే, ఆ రాయిని ఉంగరానికి తీసుకోవద్దు. అదే గుర్తు పక్క అంచున, మొనలకు దూరంగా ఉంటే భయం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మీ పనికి ఆకారం ఎంత ముఖ్యమో, దాన్ని ఎలా పొదిగిస్తారన్నది అంతకంటే ముఖ్యం. షిఫాన్ పోగు లాగేది రాయి కాదండీ, రాయిని పట్టి ఉంచే ప్రాంగ్‌లు, అంటే లోహపు కొక్కేలు. మీ అక్కగారు చెప్పిన రౌండే తీసుకుని ఆరు ప్రాంగ్‌లతో ఎత్తుగా నిలబెట్టి పొదిగించారనుకోండి, కొన్నాళ్లకే నెట్ గుడ్డ చిరుగుతుంది. కొత్తలో కొనలు నున్నగానే ఉంటాయి. వాడగా వాడగా అరిగి, ఒక పక్క కొద్దిగా లేస్తాయి. కంటికి కనిపించదు కానీ గుడ్డకు తెలుస్తుంది.

అందుకని మీకు బెజెల్ చెబుతాను. రాయి చుట్టూ సన్నటి లోహపు అంచు కట్టి, దాన్ని లోపలికి ఒత్తి మూసే పద్ధతి. పట్టుకునే కొనలే ఉండవు. అంచు పిసరంత రాయిని కప్పుతుంది కాబట్టి కొద్దిగా చిన్నగా కనిపించవచ్చు. మెరుపు పోతుందని భయపెడతారు, అంత పట్టించుకోకండి. వజ్రంలోకి వెలుగు ప్రధానంగా పై నుంచే వెళ్లి, పై నుంచే తిరిగి వస్తుంది.

బెజెల్‌కి ఓవల్ అంత అనుకూలమైన ఆకారం ఇంకోటి లేదు. ఎక్కడా మూల లేదు, లోహం ఒకే ఒత్తిడితో చుట్టూ కూర్చుంటుంది. ఎమరాల్డ్ కట్‌కి మూలలు ముందే కోసి ఉంటాయి కాబట్టి అదీ గట్టిదే. కానీ నిటారు అంచుల వెంట లోహం ఏ కాస్త వంకర పోయినా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, పని బాగా తెలిసిన చెయ్యి కావాలి. మార్కీజ్ చుట్టూ బెజెల్ కడితే మొనలు భద్రంగా ఉంటాయి. అయితే మీరు ముచ్చటపడుతున్న ఆ సన్నదనం పోతుంది, చివరలు బరువుగా తయారవుతాయి. అది నాకు మనసొప్పదు.

పెద్దగా కనిపించే సంగతి: సగం నిజం, సగం కన్ను చేసే పని. ఒక క్యారెట్ రౌండ్ బాగా సానబడితే దాదాపు 6.5 మి.మీ. అడ్డం ఉంటుంది. అంటే పై నుంచి చూస్తే సుమారు 33 చదరపు మి.మీ. మీ ఓవల్ సుమారు 35. తేడా అంతే! మీ మార్కీజ్ కూడా ఇంచుమించు రౌండ్ అంతే. కానీ కన్ను పొడవును కొలుస్తుంది, వైశాల్యాన్ని కాదు. 10 మి.మీ. పొడవు చూడగానే పెద్ద రాయి అనిపిస్తుంది, వేలు కూడా సన్నగా, పొడుగ్గా కనిపిస్తుంది. ఆ అందం ఉత్తదే అనడం లేదు, మీరు కోరుకునేది అదే కదా.

నా మాట అడిగితే ఉంగరానికి ఓవల్, బెజెల్‌లో, వీలైనంత కిందికి. అయితే ఆ రాయి మధ్యలో నల్లటి నీడ ఎంత ఉందో చూశాకే. దాని గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు.

జవాబు: గీతలూ నీడలూ

పొదుగుపని గారి మాట కాదనడానికి కాదు కానీ, ఎమరాల్డ్ కట్ తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి. నేను పెట్టుకునేది అదే. నా పని ఇళ్ల ప్లాన్లు గీయడం, నా చెయ్యి కూడా రోజంతా నా కళ్ల ముందే ఉంటుంది.

సూదిదారం గారూ, మీరు "ఏది బాగా వెలుగుతుంది" అని అడిగారు. ముందు మీకు ఎలాంటి వెలుగు ఇష్టమో తేల్చుకోండి. రౌండ్, ఓవల్, మార్కీజ్, పేర్, ఇవన్నీ బ్రిలియంట్ పద్ధతిలో సానబట్టినవి. చిన్న చిన్న త్రికోణపు పలకలు బోలెడు, చెయ్యి ఏ కాస్త కదిలినా తళుకులు చిమ్ముతాయి. ఎమరాల్డ్ కట్‌లో పలకలు తక్కువ, అవీ పొడుగ్గా ఒకదాని కింద ఒకటి మెట్లు మెట్లుగా ఉంటాయి. తళుకులు ఉండవు. ఒక వెలుగు పట్టీ, దాని పక్కన ఒక చీకటి పట్టీ, చెయ్యి తిప్పితే రెండూ చోటు మార్చుకుంటాయి. లోపలికి లోపలికి చూడాలనిపిస్తుంది. పని మధ్యలో కన్ను ఒక క్షణం అక్కడ ఆగితే నాకు ప్రశాంతంగా ఉంటుంది. తళుకు రాయి పెట్టుకుని సన్నటి గీతలు గీయడం నా వల్ల కాదు. దీపం కింద సన్నటి కుట్టు వేసే మీకూ అలాగే అనిపించవచ్చు, ఒకసారి ఆలోచించండి.

ఎమరాల్డ్ అంటే పచ్చ. పచ్చలు పెళుసు రాళ్లు. మూలలు విరగకుండా వాటికి ఇలా మూలలు కోసి మెట్లుగా సానబట్టేవారు. ఆ పద్ధతే తర్వాత వజ్రానికీ వచ్చింది, పేరు మాత్రం అదే ఉండిపోయింది. ఇదే తీరులో చదరంగా ఉండేది ఆషర్, 1902లో జోసెఫ్ ఆషర్ తీర్చినది. మీకు పొడుగు కావాలి కాబట్టి అది వద్దులెండి.

ఈ కట్ దగ్గర రెండు విషయాల్లో రాజీ పడకూడదు. ఒకటి, లోపలి శుభ్రత. పై పలక వెడల్పుగా, తేటగా ఉంటుంది కాబట్టి లోపల ఏమున్నా కనిపిస్తుంది. తళుకు రాళ్లలో తళుకే మచ్చను కప్పేస్తుంది, ఇక్కడ కప్పేది ఏదీ లేదు. పైగా వెనక పలకల్లో ఒకే మచ్చ రెండు మూడు చోట్ల ప్రతిబింబిస్తుంది. మీది వీఎస్1, దిగులు లేదు. రెండోది రంగు. ఆ తేటదనంలో పసుపు ఛాయ కూడా దాక్కోదు. హెచ్‌ని తెల్ల లోహంలో పెడితే పక్క నుంచి చూసినప్పుడు కాస్త వెచ్చగా అనిపించవచ్చు. పసుపు బంగారంలో అయితే అసలు పట్టించుకోనక్కర్లేదు.

మీకు పనికొచ్చే ఇంకో మాట. మిషన్లకు నూనె వేస్తారు కదా? వజ్రానికి జిడ్డంటే మహా ఇష్టం. నీళ్లు అంటవు కానీ జిడ్డు ఇట్టే అంటుకుంటుంది. గనుల్లో జిడ్డు పూసిన బల్లల మీదుగా రాళ్ల మట్టిని నీళ్లతో పారించి వజ్రాలను పట్టేవారంటే ఇందుకే. రాయి వెనక జిడ్డు పేరుకుంటే లోపల తిరిగి రావాల్సిన వెలుగు అక్కడి నుంచి కారిపోతుంది. అన్ని ఆకారాలకూ ఇది వర్తిస్తుంది కానీ, ఎమరాల్డ్ కట్ మీద వేలి ముద్ర పడినా తెలిసిపోతుంది. గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు, మెత్తటి బ్రష్షు. వెనక వైపు నుంచి తోమాలి. నేను ఉంగరం తీసిన ప్రతిసారీ ఆ పని చేస్తాను, నాకు అది ఇష్టమైన పని కూడా.

జవాబు: లెన్సుచూపు

రిపోర్టు సంగతి నేను చెబుతాను, టెన్షన్ పడకండి. ఎవరూ ఏదీ దాచలేదు.

రౌండ్ బ్రిలియంట్ ఆకారం ఎక్కడైనా ఒకటే. 57 పలకలు, అడుగు కొనను కూడా పలకగా తీరిస్తే 58. ఏ పలక ఏ కోణంలో ఉంటే వెలుగు బాగా తిరిగొస్తుందో 1919లోనే మార్సెల్ టోల్కోవ్‌స్కీ లెక్కగట్టి చూపించారు. పై వాలు 34.5 డిగ్రీలు, కింది వాలు 40.75 డిగ్రీలు. ఆ తర్వాత చాలామంది ఆ లెక్కను సవరించారు, పెంచారు. పునాది మాత్రం అదే. అలా ఒక కొలబద్ద ఉంది కాబట్టే వజ్రాలకు గ్రేడ్లు ఇచ్చే అమెరికా సంస్థ జీఐఏ 2006 నుంచి రౌండ్‌కి కట్ గ్రేడు ఇస్తోంది. పొడుగు ఆకారాల్లో రాయి రాయికీ నిష్పత్తి మారుతుంది, పలకల అమరిక మారుతుంది. అందుకే వాటి రిపోర్టుల్లో మామూలుగా పాలిష్, సిమెట్రీ వరకే ఉంటాయి. ఆ రెండూ ఎక్సలెంట్ అని ఉన్నా రాయి మందకొడిగా ఉండొచ్చు. పలకలు నున్నగా, తీరుగా ఉన్నాయని చెప్పడం వేరు, వెలుగు తిరిగొస్తుందని చెప్పడం వేరు.

కాబట్టి పొడుగు రాయి కొనేవాళ్లు కాగితం కంటే కంటిని నమ్మాలి. ఎలా చూడాలో చెబుతాను, ఇదే నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది.

ఓవల్, మార్కీజ్, పేర్, వీటి నడుం దగ్గర అడ్డంగా ఒక నల్లటి నీడ పడుతుంది. బో టై అంటారు. అది మచ్చ కాదు, లోపం కాదు. నడుం దగ్గరి పలకలు సరిగ్గా మీ తల ఉన్న దిక్కు నుంచి వెలుగు తెచ్చుకునే కోణంలో ఉంటాయి. మీ తల వెలుగుకు అడ్డు, కాబట్టి మీకు కనిపించేది మీ తల నీడే. ఇది దాదాపు ప్రతి పొడుగు బ్రిలియంట్‌లోనూ కొంత ఉంటుంది. అసలు లేని రాయి కోసం వెతికితే దొరక్క విసిగిపోతారు. చూడాల్సింది ఆ నీడ కదులుతుందా లేదా అని. రాయిని మెల్లగా అటూ ఇటూ ఊపండి. నల్లగా ఉన్న పలక మరుక్షణం తెల్లగా వెలిగి, పక్కది నల్లబడితే ఆ రాయి సజీవంగా ఉన్నట్టు. అలాంటి నీడ తళుకుకు అందాన్నే ఇస్తుంది. ఎలా ఊపినా నడుం దగ్గర అదే నలుపు అలాగే కూర్చుని ఉంటే వదిలేయండి, ఎంత మంచి రంగైనా సరే.

అమ్మేచోట పై నుంచి బోలెడు చిన్న దీపాలు ఉంటాయి. ఆ వెలుగులో ఏ రాయైనా మెరుస్తుంది. రాయిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి, ఎండలోకి కాదు, నీడపట్టున. తర్వాత అరచేతి నీడలో పెట్టి చూడండి. రాయిని నేరుగా వేలి మీద ఆనించి పై నుంచి చూడండి. మధ్యలో మీ చర్మం కనిపిస్తోందంటే అడుగు మరీ పల్చగా కోశారని అర్థం, వెలుగు తిరిగి రాకుండా వెనక్కి పోతోంది. వజ్రం వెలుగును బాగా వంచుతుంది (దాని వక్రీభవన గుణకం 2.42) కాబట్టి, లోపలి గోడకు నిలువు గీత నుంచి 24.4 డిగ్రీలకు మించిన వాలులో తగిలిన కిరణం బయటికి పోలేక తిరిగి వస్తుంది. కోసేవాడి పనితనమంతా కిరణం ఆ వాలులో తగిలేలా చేయడమే.

లోతు గురించి కూడా అడగాల్సింది. మీ ఓవల్ 62.5, ఎమరాల్డ్ కట్ 70. రెండూ ఆయా ఆకారాలకు సహజమైనవే. ముడి రాయి బరువు మిగిలించుకోవాలని అడుగు లావుగా వదిలేసిన రాళ్లు ఉంటాయి. కాగితం మీద ఒక క్యారెట్టే, వేలి మీద ముప్పావు క్యారెట్టులా కనిపిస్తుంది. ఈ పేచీ పెద్ద పెద్ద రాళ్లకూ తప్పలేదు. కోహినూర్‌లో మెరుపు చాలలేదని 1852లో ఓవల్‌గా తిరిగి కోశారు. నేటి క్యారెట్లలో సుమారు 191 ఉన్న రాయి 105.6కి దిగింది. మెరుపు కోసం అంత బరువు వదులుకున్నారు మరి.

రౌండ్ క్యారెట్‌కి ఎక్కువ ధర పలకడానికి కూడా కొంత కారణం ఇదే. ముడి రాయిలో సగానికి పైగా పొడిగా పోతుంది. అడిగేవాళ్లూ ఎక్కువే అనుకోండి.

చివరగా ఒక చిన్న సూచన. ఎమరాల్డ్ కట్ ఆకారం నచ్చి, తళుకు కూడా కావాలనిపిస్తే రేడియంట్ అని ఒకటుంది. 1977లో హెన్రీ గ్రాస్‌బార్డ్ తీర్చినది. బయటి రూపం కోసిన మూలల దీర్ఘచతురస్రం, లోపల బ్రిలియంట్ పలకలు. రిపోర్టులో ఆ పేరు వెతికితే కనపడదు, "కట్ కార్నర్డ్ రెక్టాంగ్యులర్ మాడిఫైడ్ బ్రిలియంట్" అని ఉంటుంది. అలాగే ప్రిన్సెస్ అంటే "స్క్వేర్ మాడిఫైడ్ బ్రిలియంట్".

జవాబు: సూదిదారం

అందరికీ ఎంతో కృతజ్ఞతలు అండీ. ఇంత వివరంగా నాకు ఎవరూ చెప్పలేదు. మళ్లీ వెళ్లి మూడు రాళ్లూ మీరు చెప్పినట్టే చూసి వచ్చాను. సంచిలో నెట్ గుడ్డ ముక్క ఒకటి, షిఫాన్ ముక్క ఒకటి పెట్టుకుని వెళ్లాను.

మార్కీజ్ రిపోర్టులో గుర్తు సరిగ్గా ఒక మొన పక్కనే ఉంది, పేరు ఫెదరే. అదే రాయిని కిటికీ దగ్గర ఊపితే నడుం దగ్గర నలుపు కదల్లేదు. చాలా బాధ వేసింది, ఆ రాయి మీదే ఆశ పెట్టుకున్నాను కదా. కానీ ఇక ఉంగరానికి ఆ ఆకారం వద్దు. ఎప్పటికైనా చెవులకు చిన్న మార్కీజ్ జత చేయించుకుంటాను, ఆ ఇష్టం మాత్రం వదులుకోను.

ఎమరాల్డ్ కట్ నన్ను చాలాసేపు నిలబెట్టింది. గీతలూ నీడలూ గారు చెప్పిన ఆ వెలుగు పట్టీలు నిజంగానే చూడగా చూడగా బాగున్నాయి. కానీ ఒక్క దీపం ఉన్న మూలకు తీసుకెళ్తే, చెయ్యి కదలనంతసేపూ సగం రాయి చీకటిగా ఉంది. నా ఎడమ చెయ్యి గుడ్డను పట్టుకుని మెల్లగా, ఒకే దిక్కుకు జరుగుతుంది. అంత మెల్లటి కదలికకు కూడా ఓవల్ పలుకుతూనే ఉంది. దానిలో నీడ ఉంది, కానీ కదులుతోంది. వేలి మీద ఆనించినా చర్మం కనపడలేదు. ఓవల్ తీసుకున్నాను.

అక్కడే ఉన్న బెజెల్ ఉంగరం ఒకటి పెట్టుకుని షిఫాన్ మీద రుద్ది చూశాను. ఒక్క పోగు లేవలేదు. ప్రాంగ్ ఉంగరంతో రెండోసారికే పట్టేసింది.

పొదుగుపని గారూ, ఇంకా రెండు ప్రశ్నలు. లోహం ఏ రంగు తీసుకోమంటారు? రాయి ఎంత కిందికి ఉండొచ్చు? వెనక వైపు పూర్తిగా మూసేయమని చెప్పనా?

జవాబు: పొదుగుపని

ఆ మార్కీజ్‌ని వదిలేసి మంచి పని చేశారు. మొన పక్కన ఫెదర్ ఉన్న రాయిని పొదగమని నాకు ఇచ్చినా ముందు వెనకాడతాను.

వెనక మూయించవద్దు. మూస్తే నూనె, దారాల నుసి, సబ్బు అన్నీ లోపల చేరి బయటికి రావు, బ్రష్షు వెళ్లే దారి ఉండదు. రాయి వెనక తెరిచే ఉంచమనండి, కానీ అడుగు కొన ఉంగరం లోపలి అంచు దాటి కిందికి రాకూడదు. మీ రాయి మందం ఎంతో లెక్క కట్టండి: వెడల్పు 5.6లో 62.5 శాతం అంటే సరిగ్గా 3.5 మి.మీ. దాని మీద బెజెల్ అంచు, కింద వేలికి తగలకుండా కొద్దిపాటి ఖాళీ. మొత్తం వేలి మీద నుంచి 4.5 మి.మీ. లోపు తేగలిగితే గుడ్డ కింద చెయ్యి దూర్చినా అడ్డు తగలదు. దీనికి పట్టుబట్టండి. ఎత్తుగా పెడితే పక్కల నుంచి బాగా కనిపిస్తుందని చెప్పి ఎత్తు పెంచబోతారు.

రంగు మీ ఇష్టం. జి రంగు రాయి దేనిలోనైనా తెల్లగానే ఉంటుంది. తెల్ల లోహపు అంచు రాయితో కలిసిపోయి కాస్త పెద్దగా చూపిస్తుంది. పసుపు బంగారపు అంచు ఓవల్ గీతను స్పష్టంగా గీసినట్టు చూపిస్తుంది. నాకైతే పసుపే నచ్చుతుంది.

ఒప్పుకునే ముందు రిపోర్టులో గర్డిల్ అని ఉన్న చోట ఏం రాశారో చూడండి. అది రాయి నడుం అంచు మందం. థిన్ నుంచి స్లైట్‌లీ థిక్ వరకు ఏది ఉన్నా పర్వాలేదు. వెరీ థిన్ అని ఉంటే పొదిగేవాళ్లకు ముందే చెప్పండి, లోహాన్ని సుత్తితో కాకుండా చేత్తో ఒత్తి మూస్తారు. పని పూర్తయ్యాక డబ్బులు కట్టే ముందు, మీ సంచిలోని షిఫాన్ ముక్కను బెజెల్ అంచు చుట్టూ ఒకసారి తిప్పి చూడండి. ఎక్కడైనా పట్టుకుంటే అక్కడికక్కడే నున్నగా చేయించుకుని ఇంటికి వెళ్లండి.